ఒకే రేకు మీద మూడు నాలుకలు

నూకరత్నం డెబ్బయ్యో పుట్టినరోజుకి కొత్తగా పెట్టిన కేకుల కొట్టుకి వెళ్దామని కబురు రాగానే మంగతాయారుకి నడుం నొప్పి పట్టుకుంది.

"నిన్న సాయంత్రం నాతో సమానంగా బీచంతా నడిచావు కదే!" అంది ఫోనులో ఎస్తేరు.

"అందుకే పట్టుకుంది" అంది మంగతాయారు.

నొప్పీ లేదు, పాడూ లేదు. ఆ కొట్టులో ఏం జరుగుతుందో ఊరంతా చెప్పుకుంటున్నారు. అది విన్నప్పటి నుంచీ ఆవిడకి పట్టుకున్నది భయం.

ఈ ముగ్గురూ ఒకప్పుడు కాకినాడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పక్కపక్క కుర్చీల్లో పనిచేసినవాళ్ళు. ట్రంకు కాల్ బుక్ చేసుకుంటే తప్ప హైదరాబాదుతో మాట్లాడలేని రోజులవి. ఊళ్ళో ఏ సంబంధం కుదిరినా, ఏ సంబంధం చెడినా, పెళ్ళివారికన్నా ముందు వీళ్ళకే తెలిసేది. ఆ బోర్డులూ ప్లగ్గులూ పోయాయి, ఉద్యోగాలూ అయిపోయాయి. స్నేహం మాత్రం తెగలేదు.

ఆ స్నేహానికి మధ్యాహ్నం పూట ముగ్గురూ పంచుకున్న మంగతాయారు క్యారియరే పునాది. వాళ్ళది వైష్ణవుల ఇల్లు. దేవుడికి నివేదన కాకుండా వంట రుచి చూడకూడదు. అందుకని పులుసులో ఉప్పు చాలిందో లేదో ఆవిరి వాసన పట్టి చెప్పడం ఆవిడ అత్తగారి దగ్గర నేర్చుకుంది. కాలనీలో ఎవరింట పెళ్ళయినా వంటవాళ్ళు గంగాళం మూత తీసి, "అమ్మా, ఓసారి ఇలా వచ్చి చూడండి" అని పిలిచేవారు. ఆవిడ వంగి, కళ్ళు మూసుకుని, "ఇంకో గుప్పెడు" అంటే గుప్పెడే పడేది.

అలాంటి ముక్కుని కిందటేడు వానాకాలంలో ఒక జ్వరం ఎత్తుకుపోయింది. జ్వరం తగ్గి కాఫీ తాగితే వేడినీళ్ళు తాగినట్టుంది. ఆవకాయ తింటే మంట తగిలింది, ఆవకాయ తగల్లేదు. నాలుగు రోజులు పోయాక ఉప్పూ పులుపూ కూడా సెలవు తీసుకున్నాయి. "నరం దెబ్బతిందమ్మా. రావచ్చు, రాకపోవచ్చు. ఓపిక పట్టండి" అన్నాడు డాక్టరు.

మంగతాయారు ఓపిక పట్టింది గానీ ఎవరికీ చెప్పలేదు. పాట రాని సంగీతం మేష్టారులా ఊళ్ళో ఎలా తిరగడం? చేతి అలవాటుతో వండేస్తూ వచ్చింది. భర్త రంగాచార్యులుని అడిగి తెలుసుకుందామంటే ఆయనది మరో తీరు. పెళ్ళయిన దగ్గర్నుంచి విస్తరి ముందు ఆయన ఒక్కటే మాట అన్నారు, "బాగుంది" అని. ఉప్పు మరిచిపోయిన పప్పుకీ అదే మాట, రెండుసార్లు వేసిన పులుసుకీ అదే మాట.

చివరికి నూకరత్నమూ ఎస్తేరూ డ్రైవరు లేని ఆటో ఒకటి వేసుకుని ఇంటికే వచ్చేశారు. బేరమాడ్డానికి ఎదురుగా మనిషి లేడన్న దిగులు నూకరత్నం ముఖంలో ఇంకా ఉంది.

"గుడ్డు లేని కేకు చెప్పాను నీ కోసం. నడుం నొప్పయితే కూర్చునే తింటావు, పద" అని చెయ్యి పట్టుకుని లాగింది.

కొట్టు పేరు 'రేకు'. భానుగుడి దాటాక ఒక సందులో ఉంది. గాజు అలమరల్లో చిత్రమైన తీపి వస్తువులు. పాకానికి బదులు మామిడి మంచు నింపిన కాజాలు. కాఫీ దాచుకున్న తాటిముంజెలు. చెంచా తగలగానే ఎర్రబడే జున్ను ఒకటి, దాని పేరు సిగ్గుజున్ను. ఎస్తేరు దాన్ని పొడిచి చూసి, "పాపం, వదిలేద్దామే" అంది.

కొట్టు యజమాని పేరు ఇందీవర. ముప్పై దాటి ఉంటాయి. తెల్లకోటు, కోటు మీద పిండి. బేకరీ మనిషో ఆసుపత్రి మనిషో తేల్చుకోలేని వాలకం. ఆ అమ్మాయి స్వయంగా కేకు తెచ్చి బల్ల మీద పెట్టగానే ముగ్గురూ ముందుకి వంగారు. పాత ట్రంకు బోర్డు! చాక్లెట్ తీగలు, పంచదార ప్లగ్గులు, వరసగా చిల్లులు. నూకరత్నం అలవాటు కొద్దీ ఒక ప్లగ్గు తీసి చిల్లులో గుచ్చి, "నంబర్ ప్లీజ్" అంది. కళ్ళు తుడుచుకుంది.

కేకు మీద సన్నటి వెండిరేకు మెరుస్తోంది. ఇందీవర చిన్న పట్టకారుతో పట్టుకుని దాన్ని ముక్కలుగా కోసింది.

"దీంట్లో కంటికి కనపడని తీగలున్నాయి ఆంటీ. నాలుక మీద పడగానే అతుక్కుంటుంది. ఒకే రేకులోంచి కోసిన ముక్కలు ఒకదాంతో ఒకటి మాట్లాడుకుంటాయి. మీరు తిన్నది ఆవిడ నాలుకకీ తెలుస్తుంది, ఆవిడ తిన్నది మీకూ తెలుస్తుంది. ఒక సినిమా చూసేంతసేపుండి అదే కరిగిపోతుంది."

"పార్టీ లైను!" అన్నారు నూకరత్నం, ఎస్తేరు ఒక్కసారే.

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. ఎస్తేరు చెప్పింది. "ఒకే తీగ మీద నాలుగిళ్ళ ఫోన్లమ్మా. ఒకళ్ళు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు ఊపిరి బిగబట్టి వినేవాళ్ళు."

మంగతాయారు భయపడిందీ దీనికే. తన లైనులో వినడానికి ఏముంది? అయినా దారిలోనే ఒక ఉపాయం ఆలోచించి పెట్టుకుంది. వాళ్ళు నమిలేటప్పుడే తనూ నమలాలి, వాళ్ళు ఆపితే తనూ ఆపాలి. అప్పుడు ఎవరి నోట్లోంచి ఏది వస్తోందో ఎవరికి తెలుస్తుంది?

రేకు ముక్కలు ముగ్గురి నాలుకల మీదా పడ్డాయి. చీమ కుట్టినట్టు చురుక్కుమంది. ఇంకా ఎవరూ చెంచా ఎత్తలేదు.

అంతలో వచ్చింది.

ముందు ఉప్పు. వెనకాలే పుల్లటి మామిడికాయ. ఆ మీద పచ్చిమిరపకాయ ఘాటు. వీటన్నిటి అడుగున, ఎండకి ఎండిన సముద్రంలాంటిదేదో, బరువుగా, కమ్మగా. ఇన్నాళ్ళూ సున్నం కొట్టిన గోడలా ఉన్న నోట్లో ఒక్కసారి దీపాలన్నీ వెలిగినట్టయింది. మంగతాయారు బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

"నెత్తళ్ళు!" అని అరిచింది నూకరత్నం. "ఎండుచేపలే ఇవి! మామిడికాయ వేసి ఇగురు పెట్టారు!"

"అయ్యో దేవా! మంగా, ఉమ్మెయ్యవే!" అంది ఎస్తేరు.

"నోట్లో ఏముందని ఉమ్మను?" అంది మంగతాయారు. కళ్ళ వెంట నీళ్ళు జలజలా కారుతున్నాయి.

ఆ కన్నీళ్ళు చూసి నూకరత్నం అగ్గిమీద గుగ్గిలమైంది. "ఏమ్మా, ఇదేనా నీ కేకు? గుడ్డు కూడా ముట్టని మనిషి! డెబ్బై ఏళ్ళ ఆచారం మంటగలిపావు! చూడు ఎలా ఏడుస్తోందో!"

ఇందీవర ముఖం తెల్లబోయింది. "మీ రేకులోది ఇంకో ముక్క ఎవరి దగ్గరో..." అంటూనే ఆగి, "నాన్నా!" అని వంటింట్లోకి పరిగెత్తింది. వెనకాలే ముగ్గురూ.

మైదా బస్తాల చాటున, పీట వేసుకుని, స్టీలు గిన్నె ఒళ్ళో పెట్టుకుని ఒక పెద్దాయన అన్నం తింటున్నాడు. పేరు గంగరాజు. ఈ కొట్టు అంతకుముందు ఆయన రొట్టెల బేకరీయే. అందరినీ చూసి ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"నాన్నా, రేకు తీసేసి తినమన్నానా లేదా?"

"మరిచిపోయానే అమ్మా. ఎప్పుడూ ఉండేది ఉందని గుర్తుంటదా?" అని, ఈ ముగ్గురి వైపు తిరిగి, "మీరే చెప్పండి అక్కగారూ. పొద్దున్న లేచిన కాడ్నించీ తీపేనండి. కాఫీకి ముందు క్రీమండి, టిఫిను బదులు పాకమండి. నా నోరు నాది కాదండి ఆయ్, మా అమ్మాయిది. ఓ నెత్తళ్ళ ముక్క కోసం బస్తాల ఎనకాల దాక్కోవాల్సొచ్చింది" అన్నాడు.

"మీ నోరు ఆ అమ్మాయిదేమిటి?" అంది ఎస్తేరు.

ఇందీవర తల దించుకుంది. ఈ రేకు తయారు చెయ్యడానికి తను యూనివర్సిటీలో ఉన్నన్నాళ్ళూ, బయటికొచ్చాకా తన నాలుక మీదే ప్రయోగాలు చేసుకుంది. పొద్దుణ్ణించి రాత్రిదాకా పక్కవాళ్ళ రుచులతోనే గడిపింది. ఒకరోజు రేకు తీసి చూసుకుంటే తన నాలుక పలకడం మానేసింది. ఇప్పుడు కేకు కుదిరిందో లేదో తెలియాలంటే తండ్రి తినాలి, ఆయన రుచిని రేకు మీద తను అందుకోవాలి. కస్టమర్ల దగ్గరికి వచ్చేటప్పుడు మాత్రం తనది తీసేస్తుంది. ఇవాళ రేకులు చాలక, ఇంటి రేకులోంచే వీళ్ళకి ముక్కలు కోసింది.

"క్రాస్ కనెక్షన్" అంది నూకరత్నం, కోపం సగం దిగి. "ఎంతైనా మా మంగకి..."

"గంగరాజుగారూ" అంది మంగతాయారు. "భోజనం మధ్యలో ఆపకూడదు. ఇంకో ముద్ద తినండి."

అందరూ ఆవిడ వంక చూశారు.

"మామిడికాయ ముక్క కూడా కలుపుకోండి" అంది.

గంగరాజు బిక్కచచ్చి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మంగతాయారు కళ్ళు మూసుకుని గోడకి జారగిలబడింది. ఆ ముఖంలో ఉన్నది ఏడుపు కాదని అప్పటికి తెలిసింది ఆ ఇద్దరికీ.

నూకరత్నం ఎక్స్ఛేంజిలో చివరికి సూపర్‌వైజరయింది ఊరికే కాదు. అందరినీ బల్ల దగ్గరికి నడిపించింది. "గంగరాజుగారూ, మీరు నమలకండి. ఎస్తేరూ, చెంచా దించు. మంగా, నువ్వు తిను."

తప్పించుకునే దారి లేదు. మంగతాయారు కేకు ముక్క నోట్లో పెట్టుకుని మెల్లగా నమిలింది. మిగతావాళ్ళు ఊపిరి బిగబట్టారు. ఏమీ రాలేదు.

"లైను డెడ్" అంది ఎస్తేరు చాలా మెల్లగా. "ఎప్పట్నించే?"

"కిందటేడు జ్వరం వచ్చింది చూడు, అప్పట్నించి."

"మరి నవమికి మాకు పెట్టిన పులిహోర?"

"చేతి అలవాటు."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మంగతాయారు ఆ చూపు పట్టేసింది. "ఎలా ఉందే? నిజం చెప్పండి."

"నాది మా వీధి కుక్కకి పెట్టాను" అంది నూకరత్నం. "అది వాసన చూసి, నా వంక ఒకలా చూసి, వెళ్ళిపోయింది."

"మరి బ్రహ్మాండంగా ఉందని ఫోను చేశావే!"

"నువ్వు బాధపడతావని."

"నేనూ మీరు జాలిపడతారని చెప్పలేదు."

ఎస్తేరుకి ముందు నవ్వొచ్చింది. ఆ తరవాత ముగ్గురికీ నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కాసేపటికి నూకరత్నం కొంగుతో ముఖం తుడుచుకుని, "రేకు కరిగేలోపు ఎంత తినగలమో అంతా తిందాం. నోరు మాది, రుచి నీది. ఏం కావాలో చెప్పు" అంది. మామిడి కాజాలొచ్చాయి, ముంజెలొచ్చాయి, సిగ్గుజున్ను మొహం ఎర్రబడుతున్నా ఎవరూ జాలిపడలేదు. ఒక్కో చెంచాకీ, వంటింట్లోకి తిరిగి వెళ్ళిన గంగరాజు మూలుగు వినిపిస్తూనే ఉంది. "మళ్ళీ తీపేనా తల్లో!"

అది మొదలు మంగతాయారుకి ఆ కొట్టే లోకమైపోయింది. ముందు వారానికోసారి వెళ్ళింది, ఆ తరవాత రోజు విడిచి రోజు. మొదటిరోజు ఆవిడ ముక్కు దగ్గర ఏదో యంత్రం పెట్టి చూసిన ఇందీవర, ఆ తరవాత కాదనలేకపోయింది. రేకు వేసుకుని స్నేహితుల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, "ఎస్తేరూ, ఆ గోంగూర ముద్ద ఇంకాస్త నెమ్మదిగా తినవే, తరిమినట్టు మింగేస్తున్నావు" అని పురమాయించేది. నూకరత్నం జాకెట్లన్నీ బిగుతైపోయాయి. మంగతాయారు మాత్రం వయసు తగ్గినట్టు తిరిగింది. ఇంట్లో వంట దాదాపు మానేసింది. రంగాచార్యులు అరటిపండ్లు తిని కూడా "బాగుంది" అన్నారు.

ఒకరోజు రేకు అడిగితే ఇందీవర తేలేదు. వంటింటి వెనకాల తన చిన్న ప్రయోగశాలలోకి తీసుకెళ్ళి, ముక్కు దగ్గర మళ్ళీ ఆ యంత్రం పెట్టి, తెర వైపు చూపించింది. అడ్డంగా ఒక గీత, కదలకుండా.

"మొదటిరోజు ఊరికే చూద్దామని పెట్టాను, గుర్తుందా ఆంటీ? ఆ రోజు గీత వణుకుతోంది. అంటే మీ నరం చచ్చిపోలేదు, కోలుకుంటోంది. ఇప్పుడు చూడండి. పక్కవాళ్ళ నాలుక దొరికితే సొంత నాలుక పడుకుంటుంది. నాదీ ఇలాగే పడుకుంది."

"ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదు?"

ఇందీవర కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీరు తింటుంటే మీ ముఖం చూడాలనిపించింది ఆంటీ. నా రేకు వల్ల ఒక్కరైనా సంతోషపడ్డారని."

మంగతాయారు తెర మీద ఆ గీతని వేలితో తాకింది. "రేకు మానేస్తే నాది వస్తుందా?"

"తెలీదు ఆంటీ. వేసుకుంటే రాదని మాత్రం తెలుసు."

"వారానికోసారి వేసుకుని, మిగతా రోజులు ఊరుకుంటే?"

"నేనూ అలాగే అనుకునేదాన్ని."

తలుపు దగ్గర నిలబడి గంగరాజు ఇదంతా విన్నాడు. నోట్లో వేలు పెట్టి తన రేకు గీకి తీసేశాడు. "పిల్ల కోసమని నోరిచ్చాను గానీ, దీని నోరు నేనే జోకొడతన్నానని తెలీదండి. ఇంకెయ్యను. కేకు ఎలా ఉందో నోటితో చెప్తాను. రాసుకోమనండి."

"చివరిసారి ఒకటి వెయ్యనా ఆంటీ?" అంది ఇందీవర.

మంగతాయారుకి నోరూరింది. "వద్దు. చివరిసారని వేసుకుంటే అది చివరిసారి అవదు" అని చరచరా బయటికి నడిచింది. వీధి మలుపు తిరిగాక నిలబడి, చంటిపిల్లలా ఏడ్చింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర రంగాచార్యులుతో ఉన్నదంతా చెప్పేసింది. "ఇకమీదట నా ముక్కు మీరే. నిజం చెప్పండి. చారు ఎలా ఉంది?"

ఆయన ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుని నిదానంగా నమిలారు. "కొంచెం సముద్రంలా ఉంది" అన్నారు.

అంతే, గేట్లు ఎత్తేసినట్టయింది. మర్నాటి నుంచి ఆయన్ని ఆపేవాళ్ళు లేరు. పప్పు పలచన, కూర మాడు, పెరుగు పులుపు. నాలుగో రోజుకి పెళ్ళయిన కొత్తలో పెట్టిన దప్పళంలో ముల్లంగి ఉడకలేదన్న సంగతి కూడా బయటపడింది. "అదిప్పుడెందుకండీ!" అని మొత్తుకుంది మంగతాయారు. "నిజం చెప్పమన్నావుగా" అన్నారాయన.

ఇందీవర రేకుల మీద కొత్త నియమం పెట్టింది. ఒక మనిషికి జన్మలో ఒక్కసారే. కొట్టు కాస్త పలచబడింది గానీ మూతపడలేదు. గంగరాజు రుచి చూసి, "ఇది మొదట నవ్వుతదే, చివర్లో మూతి ముడుచుకుంటది" అని చెబితే, దాన్ని పట్టుకుని పంచదార సరిచేసుకునేది. పొద్దున్నే మంగతాయారు ఇంటికి వచ్చేది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, లవంగం, నిమ్మతొక్క, కర్పూరం, ఇంగువ ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, అది ఎలా ఉండేదో గుర్తు చేసుకునేవారు. పడుకున్న నరాన్ని లేపడానికి అదొక్కటే దారని ఇందీవర చదివింది. ప్రాణాయామం అనుకుని రంగాచార్యులు కూడా వచ్చి పక్కన కూర్చుని, ఇంగువకి తుమ్మి లేచిపోయేవారు.

వేసవి వెళ్ళింది, వానలు వచ్చాయి. ఏ మార్పూ లేదు. మంగతాయారు ఒకటి రెండుసార్లు ఆ కొట్టు సందుదాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. ఆ సంగతి నూకరత్నానికి చెప్పేసింది కూడా. ఇప్పుడు వాళ్ళ మధ్య దాపరికాల్లేవు. "ఉప్పు ఎక్కువైందే" అని మొహం మీదే అనేసి, గిన్నె ఖాళీ చేసి వెళ్తున్నారు.

వాన వెలిసిన ఒక ఉదయం ముగ్గురూ నడకకి బయల్దేరారు. రోడ్డు పక్కన మున్సిపాలిటీవాళ్ళు మురుక్కాలవ పూడిక తీసి గట్టు మీద కుప్పలు పోస్తున్నారు. నూకరత్నం ముక్కు మీద కొంగు వేసుకుని పరుగందుకుంది. ఎస్తేరు ఊపిరి బిగబట్టి దాటింది. వెనక్కి చూస్తే మంగతాయారు లేదు. కుప్ప దగ్గర నిలబడిపోయి ఉంది.

"మంగా! రావే, చచ్చిపోతాం!"

మంగతాయారు చెయ్యెత్తి ఆగమంది. వంగింది. పూర్వం గంగాళం మీద వంగినట్టే, కళ్ళు మూసుకుని.

"కంపు!" అంది. "ఒసే, కంపే! కుళ్ళిన... కుళ్ళిన అరటిబోదెలా ఉంది! ఎంత ఘోరంగా ఉందే!" ఆ ముఖం వెలిగిపోతోంది. ఎస్తేరు పరుగున వచ్చి కావలించుకుంది. నూకరత్నం కొంగు తియ్యకుండానే దూరం నుంచి చప్పట్లు కొట్టింది.

ఫోను చేస్తే ఇందీవర ఉన్నపళాన స్కూటరేసుకుని వచ్చింది. మంగతాయారు చెప్పిన చోటే నిలబడి, వంగి, గుండెనిండా పీల్చింది. మళ్ళీ పీల్చింది. అందరూ ఆ అమ్మాయి ముఖమే చూస్తున్నారు. చివరికి నిటారుగా నిలబడి తల అడ్డంగా ఊపింది. నవ్వబోయింది గానీ నవ్వు సరిగ్గా రాలేదు.

"నాకింకా లేదు ఆంటీ. పోనీలెండి." కుప్ప వంక చూసి అడిగింది. "రేపు కూడా ఇది ఇక్కడే ఉంటుందా?"

మంగతాయారు పార పట్టుకున్న పనివాడి దగ్గరికి వెళ్ళి నమస్కారం పెట్టింది. "బాబూ, ఈ కుప్ప ఓ నాలుగు రోజులు ఎత్తకండి. మా అమ్మాయి రోజూ వచ్చి వాసన చూసుకోవాలి."

ఎప్పుడు ఎత్తుతారని కసిరేవాళ్ళని ఆ మనిషి రోజూ చూస్తూనే ఉంటాడు. పార దించి, ఈ నలుగురు ఆడవాళ్ళనీ ఒక్కొక్కళ్ళనే తేరిపార చూశాడు.

"ఎన్ని రోజులైనా ఉంటదండి" అన్నాడు. "దాని గురించి మీరేం బెంగెట్టుకోకండి."